బస్సు కిటికీలో మూసీ పాఠం

కాలేజీ టూర్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి స్పీకరు, అంతాక్షరి, చిప్స్ ప్యాకెట్లు, వెనక సీటు కోసం కొట్లాట. ఇవన్నీ ఉండాల్సిందే, నేనేమీ కాదనను. కానీ అదే టైంలో కిటికీ బయట ఇంకో క్లాసు నడుస్తూ ఉంటుంది. దాన్ని ఎలా వినాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణకి మా బ్యాచ్ పరిచయమైన నెల రోజులకే వెళ్లిన దారిని తీసుకుంటున్నాను. ఫిల్మ్ నగర్‌లో ఎక్కి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్ మీదుగా అనంతగిరి కొండలకి. మొత్తం 80 కిలోమీటర్ల లోపే.

ఈ దారి ప్రత్యేకత ఏంటంటే మనం మూసీకి ఎదురెళ్తాం. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, తూర్పుకి పారి, హైదరాబాద్ మధ్య నుంచి వెళ్లి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ప్రోగ్రాంలో అవుట్‌పుట్ తేడాగా వస్తే మనం వెనక్కి వెనక్కి వెళ్లి ఇన్‌పుట్ దాకా చూస్తాం కదా, ఇదీ అలాంటిదే. సిటీలో వంతెన మీద ముక్కు మూసుకుని దాటే నది, అసలు మొదట్లో ఎలా ఉందో వెళ్లి చూడడం అన్నమాట.

మొదటి పాఠం: రాయి

ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ అంటే స్టూడియోలు, ఫిలిం ఛాంబర్, హీరోల ఇళ్లు. నేల వైపు నుంచి చూస్తే మాత్రం ఇది రాళ్ల ఊరు. ఇక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పగుళ్ల వెంట ఎండకీ వానకీ అరిగి అరిగి, ఎవరో పేర్చి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి ఈ బండలు. మద్రాసు నుంచి సినిమా ఇక్కడికి తరలివస్తున్న రోజుల్లో, 1970ల్లో, అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టించింది ఇలాంటి గుట్టల నేల మీదే. ఇప్పుడు ఆ గుట్టలు అసలు ఎలా ఉండేవో చూడాలంటే కేబీఆర్ పార్క్ లోపలికి వెళ్లాలి. మిగతా చోట్ల రాయిని పగలగొట్టి సెల్లార్లు తవ్వేశారు.

బస్సు వికారాబాద్ దగ్గరపడేసరికి రాయి మారిపోతుంది. అక్కడివి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి గడ్డకట్టిన దక్కన్ లావా పొరలు. ఆ రాయి అరిగితే వచ్చేదే నల్ల రేగడి. కొండపైకి ఎక్కితే మళ్లీ ఎర్రగా, చిల్లులు చిల్లులుగా ఉండే లాటరైట్ కనిపిస్తుంది. కాబట్టి కిటికీలోంచి పొలం రంగు ఎక్కడ మారుతోందో గమనించండి. కింద రాయి మారిందని అర్థం.

రెండో పాఠం: నీరు

మొయినాబాద్ వైపు వెళ్తుంటే ఒక పక్క ఉస్మాన్ సాగర్, ఇంకో పక్క హిమాయత్ సాగర్ ఉంటాయి. చాలామంది ఆ ఏరియాని వీసా బాలాజీ గుడి ఉన్న చిలుకూరుగానే గుర్తుపెట్టుకుంటారు. మా బస్సులో కూడా సగం మంది అక్కడే దణ్ణం పెట్టుకున్నారు! కానీ ఈ రెండు చెరువుల వెనక పెద్ద కథ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా అడిగితే, ఊరికి పైన నీటిని ఆపమన్నారు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, ఊరికి తాగునీళ్లూ వచ్చాయి.

చెరువు నిండాలంటే చుట్టూ ఉన్న నేల మీద పడిన వాన చెరువులోకి రావాలి. అందుకే 1996లో 111వ నంబరు జీవో ఇచ్చి, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు, కాలుష్యం చేసే పరిశ్రమలు రాకుండా ఆపారు. 2022లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. భూమి అమ్ముకోలేక ఇబ్బందిపడ్డ రైతు మాటలోనూ న్యాయం ఉంది. అదే సమయంలో, వాగుకి అడ్డంగా గోడ లేస్తే నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయి. 1908 నేర్పింది అదే.

మూడో పాఠం: చెట్టు

మొయినాబాద్ దాటాక రెండు పక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటినవని చెప్తారు. మన్నెగూడ వరకు సుమారు 900 చెట్లు. ఈ 46 కిలోమీటర్ల రోడ్డుని నాలుగు వరసలకి వెడల్పు చేయాలన్నప్పుడు చెట్ల గొడవ మొదలై జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇరుకు రోడ్డు మీద యాక్సిడెంట్లు అవుతాయన్నది నిజమే. వందేళ్ల మర్రిని నర్సరీలో కొనుక్కోలేమన్నదీ నిజమే. మా బస్సు ఆ కొమ్మల కింద నుంచి వెళ్తున్నప్పుడు ఎవరూ చెప్పకుండానే పాట సౌండ్ తగ్గించారు.

నాలుగో పాఠం: మాట

ఇది కొత్త ఫ్రెండ్స్ ఉంటేనే వచ్చే పాఠం. చేవెళ్ల దగ్గర టీకి ఆగినప్పుడు ఉడకబెట్టిన కాయలు కొన్నాం. "వేరుశెనక్కాయలు భలే ఉన్నాయి" అన్నాడు గుంటూరు వాడు. "పల్లికాయ అనరా" అంది కరీంనగర్ అమ్మాయి. "రెండూ కాదు, బుడ్డలు" అన్నాడు కర్నూలు వాడు. అక్కడ మొదలై, మొక్కజొన్నా మక్కలా, సొరకాయా ఆనపకాయా అని వికారాబాద్ దాకా అదే గోల. రోడ్డు పక్క ఎర్రనేలని చూపించి "దీన్ని మేము చెల్క అంటాం" అని ఆ అమ్మాయి చెప్తే, కోనసీమ వాడు కిటికీకి ఆనుకుని చాలాసేపు చూశాడు.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాలాంటి వాళ్లకి పల్లెటూరు ఎక్కువగా సినిమాల్లోనే పరిచయం. చాలా ఏళ్లు తెలుగు సినిమాలో పల్లె అంటే కొబ్బరిచెట్లు, కాలువ గట్టు, గోదావరి. 'ఫిదా' (2017)లో బాన్సువాడ, 'బలగం' (2023)లో సిరిసిల్ల వైపు ఊళ్లు చూశాక ఇంకో రకం పల్లె కూడా తెర మీద ఉండొచ్చని తెలిసింది. చెల్క అన్న మాట తెలియకపోతే ఆ నేల మనకు ఉత్త 'ఖాళీ ప్లాటు'లాగా కనిపిస్తుంది. ప్లాటు అనుకున్నదాన్ని ఎవరైనా కొనేస్తే మనకేమీ అనిపించదు. మాట నేర్చుకోవడం ఎందుకంటే, ఇందుకే.

అనంతగిరిలో అనంత పద్మనాభ స్వామి గుడి దగ్గర మూసీ పుట్టే చోటు చూపిస్తారు. అడవిలోంచి వచ్చే సన్నటి నీళ్లు. చెప్పులు విడిచి పాదాలు పెట్టొచ్చు. సిటీ వంతెన కింద ఉన్నదీ ఇదే నది అంటే ముందు ఎవరూ నమ్మలేదు. ఫోన్‌లో మ్యాప్ తీసి నీలం గీతని వేలితో జరుపుకుంటూ హైదరాబాద్ దాకా వెళ్లి చూసుకున్నాం.

వచ్చే ఏడాది జూనియర్లకి ఒక చిన్న పద్ధతి చెప్తాను. వెళ్లేటప్పుడు మీ జిల్లా కాని వాళ్ల పక్కన కూర్చోండి. గంటసేపు రాయి, నీరు, చెట్టు చూస్తూ ప్రతిదానికీ వాళ్ల ఊళ్లో ఏమంటారో అడిగి రాసుకోండి. వచ్చేటప్పుడు ఎంతసేపైనా అంతాక్షరి ఆడుకోండి. ఆ మాటల పట్టీ మాత్రం మన క్లబ్బుకి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.