ప్రయాణమునకు ముందు వేయవలసిన లెక్క

విద్యార్థులారా, లెక్కల పుస్తకమునందు రైలుబండి యొకటి గంటకు 40 మైళ్ల వేగముతో బయలుదేరుట మీరు పెక్కుమారులు చూచియుందురు. ఆ బండి యెక్కడను ఆగదు. అందలి ప్రయాణికులకు ఆకలి లేదు, వాన కురియదు, ప్రొద్దు క్రుంకదు. నిజమైన ప్రయాణము అట్టిది కాదు. 2024 ఫిబ్రవరి మాసమున మన తొమ్మిదవ తరగతివారు ఒక బాలుని ప్రయాణ ప్రణాళికను పరీక్షించి యీ సంగతిని కనుగొనిరి. ఆ ప్రణాళికనే యిచ్చట పాఠముగా వ్రాయుచున్నాను.

మా తమ్ముడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తర కెరొలైనా రాష్ట్రమందలి షార్లెట్ నగరమున కాపురముండి కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. అతని కుమారుడు ఆ సంవత్సరము ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఆగస్టులో వేరొక ఊరి కళాశాలకు పోవలసియుండెను. తండ్రికి పని తీరదు, కుమారునికి ఆట తీరదు. ఒక్క యింట నున్నను వారిరువురు కలిసి భుజించుట వారమునకు రెండు పూటలు మాత్రమే. ఏప్రిల్ మొదటి వారపు సెలవులలో ఇద్దరును కారులో దక్షిణ రాష్ట్రములు తిరిగి డిస్కు గాల్ఫు ఆడవలెనని బాలుడు కోరెను. "కారు నడపుటకు వచ్చెదను గాని ఆడుటకు రాను" అని తండ్రి యొప్పుకొనెను. బాలుడు తన ప్రణాళికను నాకు పంపుచు, "పెదనాన్నగారూ, మీరు లెక్కల మాస్టారు గదా, ఇది సరిగా నున్నదేమో చూడండి. మధ్యలో తప్పిపోయినచో నాన్నగారు మరల నాతో రారు" అని వ్రాసెను. ఈ తుది మాటవలననే నేను ఆ కాగితమును శ్రద్ధగా చదివితిని.

ఆట యెట్టిదో మీలో పలువురికి తెలియదు. జానెడు వెడల్పు గల ప్లాస్టిక్ బిళ్ళను చేతితో గిరగిర త్రిప్పి విసరుదురు. సామాన్యముగా దాని బరువు 150 మొదలు 175 గ్రాములు. దూరముననొక యినుపస్తంభము, దానికొక బుట్ట, బుట్టపైన వ్రేలాడు గొలుసులు. బిళ్ళ గొలుసులకు తగిలి బుట్టలో పడవలెను. బిళ్ళ నేలపై ఎచ్చట నిలిచిన అచ్చటినుండియే మరల విసరవలెను. ఇట్టి బుట్టలు 18 దాటుట యొక ఆట. తక్కువ విసరులలో ముగించినవాడు గెలుచును. దూరమునకు పోవునదియు, నడిమి దూరమునకు తగినదియు, బుట్టలో వేయుటకు మెత్తగా పోవునదియు అని బిళ్ళలు పలువిధములు. కుడిచేతివాడు చేతిని ఎడమనుండి ముందునకు త్రిప్పి విసరినచో, బిళ్ళ వేగము తగ్గినకొలది ఎడమవైపునకు వాలును. బొంగరము తిరుగుడు తగ్గినప్పుడు తల వాల్చుట మీరు చూచియున్నారు గదా, కారణము దానికి దగ్గరిదే. ఈ వాలుటను ముందే లెక్కించి చెట్ల నడుమ దారి చూచుకొనుటయే యీ యాటలోని నేర్పు.

ఈ యాటను ఒక క్రమమునకు తెచ్చినవాడు ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కునందు మొట్టమొదటి స్థిరమైన ఆటస్థలము ఏర్పడినది. 1976లో అతడే వృత్తి క్రీడాకారుల సంఘమును స్థాపించెను. గొలుసుల బుట్టయు అతని కల్పనయే. 2002లో అతడు మరణించినప్పుడు, అతని కోరికనుబట్టి చితాభస్మమును ప్లాస్టిక్‌లో కలిపి బిళ్ళలుగా పోసిరి. ఈ మాట తరగతిలో చెప్పగా కొందరు నవ్విరి, కొందరు ముఖములు చిట్లించుకొనిరి. నేనేమియు వ్యాఖ్యానింపలేదు.

ఇక ప్రణాళిక. షార్లెట్‌నుండి 25 మైళ్లు దక్షిణముగా పోయిన రాక్‌హిల్. అచ్చటి విన్‌త్రాప్ విశ్వవిద్యాలయపు చెరువుగట్టున 1999 మొదలు సంయుక్త రాష్ట్రముల డిస్కు గాల్ఫు పోటీ జరుగుచున్నది. అచ్చటినుండి సుమారు 165 మైళ్ల దూరమున జార్జియా రాష్ట్రమందలి యాప్లింగ్. పైని చెప్పిన సంఘమునకు ముఖ్యస్థానము అదియే. ఒక పెద్ద జలాశయపు టొడ్డున, దేవదారు చెట్ల నడుమ, 18 బుట్టల ఆటస్థలములు మూడు గలవు. వానిలో నొకటి హెడ్రిక్ పేరిటిది. తరువాత అట్లాంటా 140 మైళ్లు, అలబామాలోని బర్మింగ్‌హామ్ 150, హంట్స్‌విల్ 100, టెన్నెసీలోని నాష్‌విల్ 110, నాక్స్‌విల్ 180, కొండలు దాటి ఆష్‌విల్ 115, మరల షార్లెట్ 125. మొత్తము 1,110 మైళ్లు, అనగా సుమారు 1,780 కిలోమీటర్లు. ఆరు దినములలో 14 ఆటస్థలములు.

బాలుని లెక్క యిది: గంటకు 60 మైళ్ల చొప్పున ప్రయాణమునకు పదునెనిమిదిన్నర గంటలు. ఒక్కొక్క యాటకు గంటన్నర చొప్పున 21 గంటలు. రెండును కలిపి ముప్పదితొమ్మిదిన్నర. దినమునకు 12 గంటల వెలుతురు చొప్పున ఆరు దినములకు 72 గంటలున్నవి గనుక, ముప్పదిరెండున్నర గంటలు మిగులును. కూడికలో తప్పు లేదు. నల్లబల్లమీద వ్రాసి, "దీనిలో లోపమేమి?" అని నేనడిగినప్పుడు తరగతి యంతయు కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను. అప్పుడు వెనుక వరుసలోని యొక బాలిక లేచి, "అయ్యా, వారు అన్నమెప్పుడు తినెదరు?" అని యడిగెను.

అంతటితో తలుపు తెరచినట్లయ్యెను. భోజనములకు దినమునకు రెండు గంటలు, మొత్తము 12. పెట్రోలు, నిలుపుదలలు, నగరములలోని బండ్ల రద్దీ చేర్చినచో గంటకు 60 కాదు, 50 మైళ్లే పోవును, కావున ప్రయాణము 22 గంటలు. తెలియని అడవిలో బిళ్ళను వెదకుకొనుచు ఆడుటకు గంటన్నర చాలదు, రెండున్నర కావలెను. అది 35 గంటలు. పార్కులో బండి నిలిపి మొదటి బుట్ట యెచ్చటనో కనుగొనుట కరగంట చొప్పున ఏడు గంటలు. వెరసి 76. వెలుతురు 72. మిగులుననుకొన్నది పోయి, నాలుగు గంటలు అప్పు తేలినది. ఆ యప్పును రాత్రి నిద్రలోనుండి తీర్చవలెను. నిద్ర చాలని తండ్రి మరునాడు కారు నడపవలెను. ఈ చోటున తరగతిలో నెవ్వరును నవ్వలేదు.

లెక్కలో చేరని మరియొకటి, చేయి. ఒక్కొక్క బుట్టకు నాలుగు విసరులనుకొన్నను 14 ఆటలకు వెయ్యికి పైగా విసరులగును. పదునేడేండ్లవానికి చెల్లును గాని, నలువదియైదేండ్లు దాటి దినమెల్ల బల్లయొద్ద కూర్చుండువాని భుజమునకు చెల్లదు. తండ్రి ఆడనన్నాడు గదా యందురేమో. బిళ్ళలు చేతనుండగా ఆరు దినములు చూచుచు ఊరకుండు మనుష్యుని నేను చూడలేదు.

కాలమానపు చిక్కు గూడ గలదు. అట్లాంటానుండి అలబామాలో ప్రవేశించినప్పుడు గడియారమును ఒక గంట వెనుకకు త్రిప్పవలెను. బాలుడు ఒక గంట లాభించెనని సంతోషించెను. సూర్యుడు మన గడియారమును చూడడు. ఏప్రిల్ మొదట అట్లాంటాలో సుమారు 8 గంటలకు క్రుంకు ప్రొద్దు బర్మింగ్‌హామ్‌లో ఏడు దాటిన కొలదిసేపటికే క్రుంకును. సాయంకాలము ఏడున్నరకు ఆట ముగింతుమని వ్రాసినవాడు చీకటిలో బిళ్ళలను తడవుకొనవలసినదే. నాష్‌విల్‌నుండి నాక్స్‌విల్‌కు మరలునప్పుడు ఆ గంట తిరిగి పోవును. రెండు పట్టణములును ఒకే రాష్ట్రమునందున్నను కాలము వేరు.

ఋతువు మాట. ఏప్రిల్‌లో ఎండ బాధింపదు, అది మేలు. కాని ఉరుముల వానలకును సుడిగాలులకును ఆ రాష్ట్రములలో అదియే కాలము. 2011 ఏప్రిల్ 27వ తేదీ యొక్క దినముననే సుడిగాలులవలన మూడువందలమందికి పైగా మరణించిరి. వారిలో హెచ్చుమంది అలబామావారు. ఎత్తైన చెట్లు, ఇనుపబుట్టలు గల చోటున మెరుపు వచ్చునపుడు నిలుచుట ప్రాణాంతకము. మెరుపునకును ఉరుమునకును నడుమ క్షణములను లెక్కించి అయిదుచేత భాగించిన మైళ్లు తేలునని మీరు భౌతికశాస్త్రమున నేర్చితిరి. కాని ఉరుము వినబడుటయే ఆట నిలుపుటకు చాలిన కారణము. కారులోనికి పోవలెను. తుది యురుము వినబడిన తరువాత 30 నిమిషములు గడచువరకు వెలుపలికి రాగూడదు. పొదలలో బిళ్ళను వెదకునప్పుడు మూడాకుల విషపుతీగ, పిడుదులు, కాపర్‌హెడ్ అను పాము, వీనిని మరువరాదు. నిండుకాలుసరాయి, మేజోళ్లు, చేతనొక కర్ర. ఇది నా సలహా కాదు, మన తరగతివారిది. పొలముగట్లమీద తిరిగిన పిల్లలకు దీనిని ఎవరును చెప్పనక్కరలేదు.

తరగతివారు 14ను 8కి దించిరి. మొదటి దినము రాక్‌హిల్‌లో ఒకటి, రాత్రికి యాప్లింగ్. రెండవ దినము అచ్చట రెండు, సాయంకాలము అట్లాంటాకు. మూడవ దినము ఉదయమున అట్లాంటాలోని పెర్కర్సన్ పార్కు, ప్రొద్దువాలునప్పుడు బర్మింగ్‌హామ్‌లోని జార్జి వార్డ్ పార్కు. నాలుగవ దినము హంట్స్‌విల్‌లోని బ్రాహన్ స్ప్రింగ్ పార్కు, రాత్రికి నాష్‌విల్. అయిదవ దినము నాష్‌విల్‌లోని సీడర్ హిల్ పార్కు, పిదప నాక్స్‌విల్. ఆరవ దినము ఆష్‌విల్‌లోని రిచ్‌మండ్ హిల్, అటుపిమ్మట ఇల్లు. ఆటలకు 20 గంటలు, వెదకుటకు నాలుగు, ప్రయాణము 22, భోజనములు 12, మొత్తము 58. పదునాలుగు గంటలు మిగిలినవి. వీనిని తరగతివారు మరల ఆటలతో నింపబోగా నేను వారించితిని. రెండు గంటలు బర్మింగ్‌హామ్‌లోని పదునారవ వీథి బాప్టిస్టు దేవాలయమునకు కేటాయించితిని. 1963 సెప్టెంబరు 15న, ఆదివారమునాడు, నల్లవారిని ద్వేషించు దుర్మార్గులు పెట్టిన బాంబువలన నలుగురు బాలికలు మరణించిన చోటది. దక్షిణ రాష్ట్రములగుండ పోవుచు దానిని చూడక మరలుట తగదని నాకు తోచినది. నాలుగవ దినపు మధ్యాహ్నమును ఊరక విడిచితిమి. "ఇక్కడ ఏమి చేయవలెను?" అని బాలుడు వ్రాసి యడుగగా, "ఏమియు లేదు" అని జవాబు వ్రాసితిని. అతనికది నచ్చలేదు.

ఒక మాట. ఎట్టి ప్రణాళికయు ఎల్లకాలమునకు పనికిరాదు. ఇదే కాగితమును 2024 అక్టోబరులో తీసినచో ఆరవ దినపు దారియే లేదు. సెప్టెంబరు చివర వచ్చిన హెలీన్ తుఫానువలన నాక్స్‌విల్, ఆష్‌విల్ నడుమ పిజన్ నదీలోయలోని రహదారి కొంత కొట్టుకొనిపోయెను. 2025 మార్చిలో గాని అది తిరిగి తెరువబడలేదు, అప్పుడును ఒక్కొక్క దిక్కునకు ఒక్కొక్క వరుసయే. ఆష్‌విల్‌కు కలిగిన నష్టము చెప్పనలవికానిది. అగస్టా ప్రాంతమునందును చెట్లు విస్తారముగా కూలినవి. కావున ఎవరైనను నేడు ఆ దారిని పోదలచినచో ఆటస్థలము తెరచియున్నదా యని బయలుదేరు వారమున విచారింపవలెను.

వారు ఏప్రిల్‌లో పోయివచ్చిరి. మొదటి దినముననే తండ్రి, "ఒక్కటి విసరి చూచెదను" అని విన్‌త్రాప్ చెరువులోనికి ఒక బిళ్ళను పంపెను. యాప్లింగ్‌లో రెండవ యాటను మొదటినుండి తుదివరకు ఆడెను. బర్మింగ్‌హామ్ దేవాలయమునొద్ద తాము రెండు గంటలకు బదులు మూడు గంటలుంటిమనియు, ఆ సాయంకాలపు ఆట తొమ్మిదవ బుట్టయొద్దనే చీకటిపడి నిలిచెననియు బాలుడు వ్రాసెను. నాలుగవ దినమున హంట్స్‌విల్‌లో నాలుగు బుట్టలాడునంతలో ఉరుము వినబడెను. కారులో కూర్చుండిరి. మెరుపునకును ఉరుమునకును నడుమ మొదట 15 క్షణములు, అనగా మూడు మైళ్లు. తరువాత ఎనిమిది. తరువాత లెక్కించుటకు వ్యవధి లేదు. వాన రెండు గంటలు కురిసెను. చేయవలసిన పనియేదియు కాగితముమీద లేనందున వారెచ్చటికిని తొందరపడలేదు.

ఆ రెండు గంటలలో మా తమ్ముడు తన కుమారునికి బిళ్ళంగోడు ఆటను వివరించెనట. మేమిద్దరము మా యూరి చెరువుక్రింది బీటిలో ఆడిన యాట. కోడుతో బిళ్ళను లేపి కొట్టుట, పడిన చోటునుండి కోడుతో దూరమును కొలుచుట, ఓడినవాడు కూతపెట్టుచు పరుగెత్తుట. "పెదనాన్నగారూ, మీరు ఎప్పుడును దొంగలెక్క కొలిచెడివారని నాన్నగారు చెప్పినారు, నిజమేనా?" అని బాలుడు అడిగియున్నాడు. ఆ యుత్తరపు భాగమును నేను తరగతిలో చదువలేదు. ఇచ్చట వ్రాయుచున్నాను గనుక ఇక దాచి ప్రయోజనము లేదు.

వాన వెలిసిన పిమ్మట నేల తడిసి జారుచుండుటచేత హంట్స్‌విల్ ఆటను విడిచి నాష్‌విల్‌కు పోయిరి. ఎనిమిదింటిలో ఆరు పూర్తిగాను, రెండు సగముగాను ఆడినట్లు తేలినది. పదునొకండు బిళ్ళలతో బయలుదేరి ఎనిమిదింటితో ఇల్లు చేరిరి. పోయిన మూడింటిలో రెండు తండ్రివి.