చెట్టెక్కిన మొక్కలన్నీ దొంగలేనా?

పిల్లలూ! ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళేటప్పుడు ఇప్పచెట్ల మీదా, ఊరి పక్క మామిడి చెట్ల మీదా వేరే మొక్కల గుబుర్లు పెరిగి ఉండటం మీరు చూసే ఉంటారు. "అది బదనిక, కొట్టెయ్యాలి" అంటారు రైతులు. నిజమే, బదనిక అయితే కొట్టెయ్యాల్సిందే. కాని చెట్టు మీద పెరిగే ప్రతి మొక్కా బదనిక కాదు. దొంగ ఎవరో, ఊరికే కూర్చున్నదెవరో తెలుసుకుందాం.

లోనికి దిగే బదనిక

బదనిక పండు గుజ్జు జిగురుగా ఉంటుంది. పిట్టలు ఆ పండు తిన్నప్పుడు గింజ కొమ్మకు అంటుకొని అక్కడే మొలుస్తుంది. చూషకాలు అనే వేళ్ళను బెరడు చీల్చుకొని దారువు దాకా దించి, నీటిని, ఖనిజ లవణాలను లాగుకుంటుంది. ఆకులు పచ్చనివే కనుక పిండిపదార్థం మాత్రం తానే తయారు చేసుకుంటుంది. అందుకే ఇది పాక్షిక పరాన్నజీవి. బదనిక ముదిరితే కొమ్మ నీరసించి ఎండిపోతుంది.

పైనే ఉండే వాండా

అదే అడవిలో వాండా అనే ఆర్కిడ్ మొక్క కూడా చెట్ల మీద పెరుగుతుంది. దాని వేళ్ళు బెరడును పట్టుకుంటాయే గాని లోనికి దిగవు. కొన్ని గాలిలో వేలాడతాయి. వేరు పైపొర స్పంజిలాగా వాననీటిని పీల్చుకుంటుంది. చెట్టు దీనికి అరుగు మాత్రమే, అన్నం కాదు. ఇటువంటి మొక్కలను ఎపిఫైట్లు అంటారు.

తొట్టిలోని వింత మొక్కలు

ఈ విద్యలో ఆరితేరిన కుటుంబం బ్రొమీలియాడ్లు. వీటిలో 3000కు పైగా జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలోని ఒక్క జాతి తప్ప అన్నీ అమెరికా ఖండాలవే. అందం కోసం కొన్నింటిని మన నర్సరీల్లోనూ అమ్ముతున్నారు. కొన్ని జాతుల్లో ఆకుల మొదళ్ళు ఒకదానికొకటి ఒరుసుకొని గిన్నెలా ఏర్పడతాయి. వాననీరు, రాలిన ఆకులు అందులో చేరతాయి. ఆకుల మీది సన్నని పొలుసులు ఆ నీటిని, పోషకాలను పీల్చుకుంటాయి. వేళ్ళ పని చాలావరకు పట్టుకోవడమే! అమెరికాలో చెట్లకు గడ్డంలా వేలాడే ఒక జాతికైతే పెరిగాక వేళ్ళే ఉండవు. ఇంట్లో గిన్నె రకం ఉంటే వారానికొకసారి నీరు వంచి మార్చండి. లేకుంటే దోమలు గుడ్లు పెడతాయి.

ఈ కుటుంబంలో మనకు బాగా తెలిసినది అనాస. ఇది నేల మీదే పెరుగుతుంది. సీతంపేట ఏజెన్సీలో గిరిజన రైతులు దీన్ని పండిస్తారు. అనాస కాండం కొసన పూలు గుత్తిగా పూస్తాయి. అవన్నీ కలిసి ఒకే పండవుతాయి. కాండం అక్కడితో ఆగదు. పండు మధ్యగా సాగి, పైన ఆకుల కిరీటం తొడుగుతుంది. మనం తీసిపారేసే గట్టి నడిమి భాగం ఆ కాండమే!

బ్రొమీలియాడ్లలో చాలావరకు ఒక మొక్క ఒకేసారి పూస్తుంది. తరువాత మెల్లగా వాడిపోతుంది. అయితే మొదట్లో పిలకలు వేసి మరీ పోతుంది. గెల వేసిన అరటిచెట్టు చేసేదీ ఇదే కదా! కనుక పూసిన మొక్క వాడిందని తొందరపడి పీకేయకండి.

చేసి చూడండి

1. అనాస కిరీటాన్ని తిప్పి ఊడదీయండి. అడుగున నాలుగైదు వరుసల ఆకులు తీసివేస్తే, కాండం మీద గోధుమరంగు వేరు మొగ్గలు కనిపిస్తాయి. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో నాటండి. నీరు నిలవనీయకండి. కాయ కాయడానికి రెండేళ్ళు పట్టవచ్చు.

2. మీ ఊళ్ళో చెట్ల మీది గుబుర్లను నేల మీద నుంచే పరిశీలించండి. అతుక్కున్న చోట కొమ్మ కణితిలా ఉబ్బి ఉందా? అయితే బదనిక. పొడుగాటి ఆకులు రెండు వరుసల్లో ఉండి, బూడిదరంగు వేళ్ళు బయటే కనిపిస్తున్నాయా? అది వాండా కావచ్చు. దాన్ని ఉండనివ్వండి. ఏ చెట్టు మీద ఎన్ని ఉన్నాయో లెక్క రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.