వాట్ల లెక్క ఎందుకు కలవదు?
సైకిల్ పవర్ మీటర్ల మీద పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నా సైకిల్‌కి ఎడమ క్రాంక్ మీద పవర్ మీటర్ ఉంది. వానాకాలంలో ఇంట్లో స్మార్ట్ ట్రైనర్ మీద తొక్కుతాను. రెండూ ఒకేసారి పెట్టి చూస్తే క్రాంక్ 212 వాట్లంటుంది, ట్రైనర్ 200 దగ్గరే ఆగుతుంది. రెండూ బోలెడు డబ్బు పోసి కొన్నవే. ఏది నమ్మాలి? ఒకటి వెనక్కిచ్చేయనా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తొందరపడి ఏదీ వెనక్కివ్వకండి. రెండు మీటర్లూ బాగున్నా ఈ తేడా రావచ్చు. కల్లంలో తూచిన ధాన్యం మిల్లు కాటా మీద కాస్త తగ్గుతుంది; అంతమాత్రాన ఏ కాటాలోనూ మోసం ఉన్నట్టు కాదు. మీ క్రాంక్ మీటరు కాలి బలాన్ని చైన్‌కంటే ముందే కొలుస్తుంది. ట్రైనర్ కొలిచేది చైనూ, వెనక పళ్లచక్రాలూ దాటి వచ్చిన బలాన్ని. శుభ్రమైన చైన్‌ కూడా రెండు మూడు శాతం మింగుతుంది. మట్టి పట్టి, నూనె ఆరిపోతే ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి ఉంది. ఎడమ క్రాంక్ మీటరుకి మీ కుడికాలు ఉన్నట్టే తెలియదు. ఎడమకాలి లెక్క తీసుకుని దాన్ని రెట్టింపు చేసి చూపిస్తుంది. రెండు కాళ్లూ సరిసమానంగా తొక్కేవాళ్లు తక్కువే. మీరు నిజంగా 206 వాట్లు తొక్కుతూ, అందులో ఎడమకాలి వాటా 51.5 శాతం అనుకోండి. ఎడమకాలిది 106, రెట్టిస్తే 212. అదే 206లో చైన్ మూడు శాతం తినేస్తే ట్రైనర్ దగ్గరికి చేరేది 200. మీ రెండు అంకెలూ వచ్చేశాయి! ఇది నా ఊహే, మీ కాళ్లను నేను కొలవలేదు. కానీ 12 వాట్ల తేడాకి పాడైన మీటరు అక్కర్లేదని తెలుస్తుంది కదా. పైగా తయారీదార్లు చెప్పే కచ్చితత్వం సాధారణంగా ఒకటి రెండు శాతం అటూ ఇటూ. రెండు శాతం ఎక్కువ చూపేదీ, రెండు శాతం తక్కువ చూపేదీ పక్కపక్కన పెడితే 200 దగ్గరే ఎనిమిది వాట్ల తేడా. కంపెనీలు రెండూ మాట తప్పినట్టు కాదు.

జర్మన్ ఇంజినీరు ఉల్రిష్ షోబరర్ 1986లో మొదలుపెట్టిన ఎస్‌ఆర్‌ఎం మీటర్లలో స్ట్రెయిన్ గేజ్‌లు (బలానికి లోహం వంగడాన్ని పసిగట్టే పట్టీలు) క్రాంక్ స్పైడర్‌లో, అంటే పెద్ద పళ్లచక్రం బిగించే భాగంలో ఉంటాయి. అక్కడ రెండు కాళ్ల బలమూ కలిసి వస్తుంది, చైన్ నష్టం ఇంకా మొదలవదు. ఆ రకం మీటరున్న స్నేహితుడెవరైనా ఉంటే మీ కుడికాలి సంగతి తేలిపోతుంది.

లేకపోతే ఇలా చేయండి. చైన్ శుభ్రం చేసి, ఒళ్లు వేడెక్కాక రెండు మీటర్లకీ సున్నా పెట్టండి. పెడల్ వేగం మార్చకుండా 150, 200, 250 వాట్ల దగ్గర ఒక్కోచోట అయిదేసి నిమిషాలు తొక్కి సగటులు రాసుకోండి. క్షణక్షణం మారే అంకెలను పోల్చకండి, చాలా ట్రైనర్లు వాటిని చదును చేసి చూపిస్తాయి. తేడా వాట్లతోపాటు శాతం లెక్కన పెరుగుతుంటే చైన్, కాలి వాటా మీద అనుమానపడాలి. మూడు చోట్లా అవే 12 వాట్లయితే సున్నా సరిగ్గా పడలేదేమో చూడాలి. పది శాతం దాటిన తేడా ఎన్నిసార్లు చూసినా పోకపోతే అప్పుడు అమ్మినవారిని అడగండి.

రోజూ వాడటానికి నా సలహా ఒకటే. ఇంట్లోనూ క్రాంక్ మీటర్‌నే లెక్కకు పెట్టుకోండి. జ్విఫ్ట్ వంటి యాప్‌లలో వాట్లు క్రాంక్ నుంచి, బిగువు నియంత్రణ ట్రైనర్‌కి అని విడిగా ఎంచుకోవచ్చు. అప్పుడు ఎఫ్‌టీపీ పరీక్ష (దాదాపు గంటసేపు నిలపగల వాట్లను తేల్చేది) ఎక్కడ చేసినా ఒకే కాటా మీద తూచినట్టే.

ప్రశ్న: మోకాలి నొప్పికని 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ తీసి 165 వేయించాను. పెడల్ మీటరు పాతదే. మరుసటి రోజు నుంచే వాట్లు పెరిగాయి! పొట్టి క్రాంక్ అంత మంచిదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మోకాలికి మంచిదే కావచ్చు. వాట్ల మాట మాత్రం నమ్మకండి. పెడల్ మీటరు బలాన్ని కొలిచి, దాన్ని క్రాంక్ పొడవుతోనూ తిరిగే వేగంతోనూ గుణిస్తుంది. యాప్‌లో 172.5 అలాగే ఉండిపోయి ఉంటుంది. తేడా 7.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగున్నర శాతం. నిజమైన 200 మీకు 209గా కనిపిస్తుంది. యాప్‌లో 165 అని మార్చండి. మార్చాక అంకె తగ్గిందని దిగులు పడకండి.

ప్రశ్న: తెల్లవారుజామున ఇంట్లోనే సున్నా చేసి బయల్దేరతాను. అయినా గంట తర్వాత వాట్లు తేడాగా ఉన్నట్టనిపిస్తుంది.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సైకిల్ రాత్రంతా ఏసీ గదిలో ఉంటోందా? స్ట్రెయిన్ గేజ్ అతికించిన లోహం వేడికి సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. చాలా మీటర్లు దీన్ని సరిదిద్దుకుంటాయి కానీ అన్నీ ఒకే నేర్పుతో కాదు. సైకిల్‌ని ఓ పావుగంట బయట పెట్టి, ఆ తర్వాత సున్నా చేయండి. టీ తాగడానికి ఆగినప్పుడు ఇంకోసారి చేస్తే మరీ మంచిది. ఆ సమయంలో పెడల్ మీద కాలు ఉండకూడదు.

వాట్ల తేడా గురించి రాసేవారికి ఒక మనవి: మీటరు ఎక్కడ బిగించి ఉందో, క్రాంక్ పొడవెంతో, సున్నా ఎప్పుడు చేశారో తప్పకుండా రాయండి. అవి లేకుండా రెండు అంకెలే పంపితే జవాబివ్వడం కష్టం.