సమాధి – పద పరిశీలన

మహానందిలోని కోనేటి నీటి స్వచ్ఛతను కొనియాడే యాత్రికులు మంత్రాలయం, బ్రహ్మంగారి మఠం పేర్లను కూడా భక్తితో తలుస్తారు. 1671లో రాఘవేంద్రస్వామి ప్రవేశించిన ‘బృందావనం’ మంత్రాలయంలో ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ‘జీవసమాధి’ కడప సీమలో ఉంది. కర్నూలులో హంద్రీ ఒడ్డున గల అబ్దుల్ వహాబ్ సమాధిని ‘గోల్ గుమ్మజ్’ అంటారు. మూడూ సమాధులే అయినా పేర్లు వేరు. ఎందుకు?

‘గోల్ గుమ్మజ్’ అంటే గుండ్రని గుమ్మటం. ఇది కట్టడపు ఆకారాన్ని చెప్పే పేరు. ‘బృంద’ అంటే తులసి. మాధ్వ యతుల సమాధులపై తులసికోట రూపంలో కట్టడం నిర్మిస్తారు కనుక దానికి బృందావనమని పేరు. ఆంగ్లంలోని ‘మాసోలియం’ ఒక రాజు పేరు నుండి పుట్టింది. కారియా పాలకుడు మాసోలస్ క్రీ.పూ. 353లో మరణించగా, రాణి ఆర్టెమీసియా హలికర్నాసస్‌లో మహాసమాధిని కట్టించింది. నేడు ఆ ఊరు తుర్కియేలోని బోద్రుమ్. ఆ భవనం కూలిపోయినా పేరు నిలిచింది.

‘సమాధి’ మాత్రం మొదట కట్టడాన్ని సూచించే పదం కాదు. సమ్, ఆ అనే ఉపసర్గలు, ‘ధా’ ధాతువు, ‘కి’ ప్రత్యయం చేరి ఏర్పడిన తత్సమమిది. మనస్సును ఒకచోట చక్కగా నిలపడం దీని అర్థం. యోగాంగాలు ఎనిమిదింటిలో ఇది చివరిది. దేహం చాలించిన యోగి సమాధిస్థితిలో ఉన్నాడన్న భావనతో, ఆ చోటికీ అదే పేరు వచ్చింది. క్రమంగా అందరి విషయంలోనూ వాడుకైంది. నిధి, విధి, సంధి శబ్దాలు కూడా ‘ధా’ ధాతువు నుండి పుట్టినవే.

వ్యాకరణాంశాలు

1. ‘సమాధి’ సంస్కృతంలో పుంలింగం, తెలుగులో అమహద్వాచకం. కనుక ‘సమాధి ఉన్నది’ అంటాం.
2. బహువచనంలో తుది ఇకారం ఉకారమవుతుంది: సమాధి – సమాధులు. పారశీక ‘గోర్’ నుండి వచ్చిన ‘గోరీ’లో దీర్ఘం మారదు: గోరీలు.
3. ఇకారం తరువాత ‘కు’ ప్రత్యయం ‘కి’ అవుతుంది: సమాధికి. బహువచనంలో సమాధులకు.
4. మహాసమాధి: గొప్పదైన సమాధి – విశేషణ పూర్వపద కర్మధారయం. సమాధిమందిరం: సమాధి యొక్క మందిరం – షష్ఠీ తత్పురుషం.

రాజు పేరు, కట్టడపు ఆకారం, మనస్సు నిలకడ – ఒక్కొక్క భాషాసమాజం మరణించినవారిని తలచుకొనడానికి ఒక్కొక్కదాన్ని ఎంచుకొంది. పర్యాయపదాలనిపించే మాటల వెనుక ఇంత భేదం ఉంటుంది. అందుచేత సందర్భం ఎరిగి పదాన్ని వాడాలి.

అభ్యాసం: ‘సమాధానం’ అనే పదంలోని ఉపసర్గలను, ధాతువును గుర్తించి, ‘సమాధి’తో దానికి గల అర్థసంబంధాన్ని వివరించండి.