ప్రేగు పొట్టియైనవారి భోజనము

ప్రేగు మెలిపడి కుళ్లుటచే చాల భాగము కోసివేయబడిన మన సంఘసభ్యు లొకరు ఇల్లు చేరినపిదప, నీరసము తీరవలెనని బంధువులు వారికి పూటపూటకు పంచదార పానకము నిచ్చిరి. విరేచనములు హెచ్చెను; మనిషి మఱింత చిక్కెను. ప్రేమచే జరిగిన పొరపాటు గావున దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

మనుష్యుని చిన్నప్రేగు సుమారు 20 అడుగులు. అన్నములోని పిండిపదార్థము అందే చక్కెరగా విడిపోయి రక్తమున చేరును. 200 సెంటీమీటర్లకంటె తక్కువ మిగిలినచో ఆ పనికి చోటు చాలదు. చిక్కని పానకమో, దేహమందలి నీటిని ప్రేగులోనికి లాగి వెంటగొనిపోవును.

పెద్దప్రేగు మిగిలియున్నవారికి ఒక మేలు గలదు. ఎద్దు పొట్టలో గడ్డి పులిసి బలమగునట్లే, జీర్ణముగాని పిండిని అచ్చటి సూక్ష్మజీవులు పులియబెట్టి, శరీరము గ్రహింపదగిన ఆమ్లములుగా మార్చును. 1994లో కోపెన్‌హాగెన్ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, పిండి హెచ్చుగా గల భోజనముచే ఇట్టివారికి మలముతో పోవు శక్తి దినమునకు సుమారు 480 కిలోకెలోరీలు తగ్గెను. పెద్దప్రేగు లేనివారికి ఈ లాభము కలుగలేదు. కావున మొదటివారికి అన్నము, ఇడ్డెనలు, ఉడికిన దుంపలు కొంచెము కొంచెముగా దినమునకు ఐదాఱు మారులు పెట్టవచ్చును.

చక్కెర మితిమీరినచో వీరికిని అపాయమే. గాదెలో దూరి గింజలు మెక్కిన ఎద్దు తూలిపడుట రైతులు చూచియే యుందురు. అట్టి పులుపే, డి-లాక్టిక్ ఆమ్లము, రక్తమున కెక్కినచో మనిషియు తూలును, మాట తడబడును. కల్లు త్రాగెనని నిందింపక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

పెద్దప్రేగు లేనివారు వట్టినీరు విస్తారముగా త్రాగినచో ఒంటిలోని ఉప్పు మఱింత పోవును. వైద్యుడు చెప్పిన పాళ్లలో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని గుక్కగుక్కగా పుచ్చుకొనవలెను.