డౌన్ సిండ్రోము – అపోహలు, మన కర్తవ్యము



మన పల్లెలలో డౌన్ సిండ్రోముతో బిడ్డ పుట్టినప్పుడు తరచుగా నింద మోయునది తల్లియే. గ్రహణమువేళ ఆమె బయటికి వచ్చినదని కొందరు, ఇది మేనరికపు ఫలమని కొందరు చెప్పుదురు. ఈ మాటలలో సత్యమెంతయో విచారించుట చదువుకొన్న మన కర్తవ్యము.

1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ ఈ లక్షణములను వర్ణించెను. దీని మూలమును జెరోమ్ లెజూన్ మొదలగు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిరి. మానవ జీవకణమున సాధారణముగా 46 క్రోమోజోములుండును. డౌన్ సిండ్రోము గలవారిలో నూటికి సుమారు 95 మందికి 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడు ఉండి, మొత్తము 47 అగును. ఇది కణవిభజనలో దానంతట అది జరుగు మార్పు. గ్రహణమునకు దీనితో సంబంధము లేదు. మేనరికము కారణమని శాస్త్రము నిర్ధారింపలేదు. తల్లి వయస్సు 35 సంవత్సరములు దాటినచో అవకాశము పెరుగును. అయినను చిన్నవయస్సు తల్లులకును ఇట్టి బిడ్డలు కలుగుదురు. బహు కొద్ది కుటుంబములలో మాత్రమే ఇది వంశానుగతము. బిడ్డకు క్రోమోజోముల పరీక్ష చేయించినచో ఆ సంగతి తెలియును.

ఇట్టి శిశువులలో దాదాపు సగము మందికి పుట్టుకతోనే గుండెలో లోపముండును. కావున పుట్టిన వెంటనే గుండె పరీక్ష, తరువాత క్రమముగా థైరాయిడ్, చూపు, వినికిడి పరీక్షలు అవసరము. ఈ వైద్యమును ఆలస్యము చేయరాదు.

ఈ బిడ్డలు నెమ్మదిగా నేర్చుకొందురు. కాని తప్పక నేర్చుకొందురు. చెవితో విన్నదానికంటె కంటితో చూచినది వీరికి సులభముగా పట్టుబడును. బొమ్మలు చూపుచు, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విభజించి, మరల మరల చేయించవలెను. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు వినుటవలన మాట ఆలస్యమగునని భయపడనక్కరలేదు. ఇంటిభాషలో ప్రేమతో మాటలాడుటయే మొదటి పాఠము.

ఇట్టివారి శిక్షణకై 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగరున జాతీయ సంస్థ ఏర్పడినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 40 శాతము లేక అంతకు మించిన వైకల్యముగల పిల్లలకు 6 నుండి 18 సంవత్సరముల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చినది. నిరామయ బీమా పథకము లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమును భరించును.

అయినను సదరం ధ్రువపత్రము లేనిచో హక్కు కాగితముపైననే నిలిచిపోవును. మాచర్ల, గురజాల ప్రాంతముల పల్లెలలో దరఖాస్తు వ్రాయలేక ఆగిపోవు తల్లిదండ్రులకు మనము తోడ్పడవచ్చును. కళాశాల పాలకవర్గము వారానికి ఒక పూట ఒక గది, ఒక అధ్యాపకుని సమకూర్చినచో, విద్యార్థులే ఉర్దూ, తెలుగు భాషలలో వారికి వివరించి దరఖాస్తులు పూర్తిచేయగలరు. అంతకు ముందు, ఆ బిడ్డను "పిచ్చివాడు" అని పిలుచుట మానవలెను. పేరు పెట్టి పిలువవలెను. ఇందుకు నిధులు అక్కరలేదు, నేడే ఆరంభింపవచ్చును.