రెండో అంకె కూడా అడుగు, తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు రాజీనామా కాగితం రాసేశావనీ, 2027లో ఉభయగోదావరి ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి శాసనమండలికి నిలబడతావనీ అమ్మ చెప్పగానే, సంతోషమో దిగులో తేల్చుకోలేక అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. ఇటు గోదారొడ్డున సఖినేటిపల్లి మొదలు అటు కొండల్లో మారేడుమిల్లి దాకా ఒక్క మనిషి ఎన్ని స్టాఫ్‌రూముల గడప తొక్కాలమ్మా! 2021లో ఇదే సీటు గెలిచిన షేక్ సాబ్జీ మాస్టారు 2023 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో పోయారన్న కబురు విన్నది మొదలు ఈ తిరుగుళ్ళంటేనే నాకు దడ. మరుసటేడు ఉపఎన్నికలో ఆయన చోట గెలిచిన బొర్రా గోపిమూర్తిగారూ యూటీఎఫ్ ఉపాధ్యాయ సంఘం మనిషే, పంతుళ్ళ కష్టం ఎరిగినవారే.

ఇది మీట నొక్కే ఓటు కాదుగా, ఊదారంగు పెన్నుతో పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేసేది. ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా వెనకబడినవారిని తప్పించి, వాళ్ళ కాగితాల మీద రెండో అంకె ఎవరికుందో చూస్తారు. అందుకని, “ఒకటో ఓటు ఫలానావారికి మాటిచ్చేశానమ్మా” అన్న మాస్టారి దగ్గర్నుంచి మొహం ముడుచుకుని లేచి రాకు. టీ తాగి, పిల్లల చదువులడిగి, “అయితే రెండోది నాకు వేయండి” అను. ఆయన మెచ్చినవాళ్ళని నువ్వు తిడితే ఆ రెండోది మాత్రం ఎందుకేస్తాడు?

నీకిది ఒకరు నేర్పాలా! రాజోలు బళ్ళో ఆరో తరగతి లీడరుగా గెలిచిన సాయంత్రం, ఓడిన పిల్ల ఏడుస్తుంటే నీ సైకిలు బడిలోనే వదిలేసి, దాని సైకిలు నడిపించుకుంటూ కాలవగట్టు వెంట వాళ్ళింటిదాకా వెళ్ళి, పొద్దుగూకాక కొంపకొచ్చి అమ్మ చేత చీవాట్లు తిన్నావు. అంత తిట్టిందా, మర్నాడు ఆ సంగతే వీధిలో అందరికీ తనే చెప్పుకుంది.

గత ఆరేళ్ళలో మూడేళ్ళయినా హైస్కూల్లోనో ఆపైనో పాఠం చెప్పినవాళ్ళకే ఓటట, రిటైరై ఏళ్ళు గడిచిన మీ నాన్నకి లేదు. అయినా పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళేరోజు నన్నూ తీసుకెళ్ళు. నీ గొప్పలేమీ చెప్పనులే. వేళకి ఇంత అన్నం తినిపించి, చీకటి పడకముందే తిరుగు పంటు ఎక్కించే పని నాది.

ఆశీస్సులతో,
నాన్న